జట్టును యెంచే హక్కు: బ్రెజిల్ ఫుట్‌బాల్ చరిత్రలో వొక అధ్యాయం

1970 జూన్ నెలలో బ్రెజిల్ జైళ్ళలో వొక వాదం నడిచింది. అప్పుడు మెక్సికోలో ప్రపంచకప్పు ఫుట్‌బాల్ పోటీలు జరుగుతున్నవి. జైళ్ళలో వున్నవారు సైనిక ప్రభుత్వాన్ని యెదిరించి పట్టుబడిన విద్యార్థులు, అధ్యాపకులు, కార్మిక కార్యకర్తలు. చాలామంది చిత్రహింసలు అనుభవించి వచ్చినవారు. వారి ముందున్న ప్రశ్న వినడానికి చిన్నది: తమ దేశపు జట్టు గెలవాలని కోరుకోవాలా, వోడాలని కోరుకోవాలా? గెలిస్తే ఆ గెలుపును దేశాధ్యక్షుడు జనరల్ మెదిసి తన పద్దులో జమ వేసుకుంటాడు. వోడితే యేడ్చేది జనరల్ కాదు. యే ప్రజలకోసం తాము జైలుకు వచ్చారో ఆ ప్రజలు. కొందరు వోటమినే కోరాలని నిశ్చయించుకున్నారు. జూన్ 3వ తేదీన బ్రెజిల్ ఆడిన మొదటి ఆటలో చెకొస్లొవేకియా ముందు గోలు వేసింది. కొంతసేపటికి రివెలినో ఫ్రీకిక్కుతో స్కోరు సమం చేశాడు. ఆనాటి వామపక్షీయులు తరువాత చెప్పుకున్న జ్ఞాపకాలలో తరచు వినిపించేది వొకటే: ఆ నిశ్చయం నిలవలేదు, ఆనందం ఆపుకోలేకపోయారు.

తరువాత దేశాధ్యక్షురాలైన దిల్మా రూసెఫ్ ఆ రోజులలో సావో పాలోలోని తిరాదెంతిస్ జైలులో వున్నది. 2014లో ప్రపంచకప్పు బ్రెజిల్‌లోనే జరిగినప్పుడు ఆమె ఆ సంగతి గుర్తుచేసింది. జట్టును సమర్థిస్తే నియంతృత్వాన్ని బలపరచినట్టు కాదా అని తోటివారు తర్కించుకున్నా, తనకు మాత్రం ఆ సందిగ్ధం రాలేదని చెప్పింది.

ఆటలు పాలకవర్గం ప్రజలకు పోసే మత్తుమందు అని మనలో చాలామందిమి యేదో వొకనాడు అన్నవాళ్ళమే. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని అది పూర్తి నిజమే అయితే, జైలులో వున్నవారికి వాదించుకోవలసిన అవసరం యెందుకు వచ్చింది? అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న: శాసనసభను మూయించగలిగిన ప్రభుత్వం, పదకొండుమంది ఆటగాళ్ళ పేర్ల దగ్గర యెందుకు అంత కంగారుపడింది? దీనికి సమాధానం కావాలంటే 1970కి చాలా వెనక్కి పోవాలి.

బ్రెజిల్‌లో బానిసత్వం చట్టరీత్యా రద్దయినది 1888లో. అప్పటికి యేడేళ్ళ ముందే, 1881లో, చదువురానివారికి వోటు లేకుండా చట్టం చేశారు. అంటే బానిస స్వేచ్ఛను పొందేసరికి వోటు తలుపు మూసివుంది. ఆ తలుపు తెరుచుకోడానికి వందేళ్ళకు పైగా పట్టింది. ఫుట్‌బాల్ వచ్చింది యీ సమాజంలోకి. ముందు అది దొరల ఆట. ఇంగ్లండులో చదివి వచ్చిన వర్తకుల బిడ్డల ఆట. రేవులోను, మిల్లులోను పనిచేసే వాళ్ళు గోడ అవతలనుంచి చూసి నేర్చుకున్నారు.

1923లో రియో ద జనైరోలో వాస్కో ద గామా అనే క్లబ్బు నల్లవాళ్ళతోను, సంకరజాతులవారితోను, పేద తెల్లవాళ్ళతోను కూడిన జట్టుతో నగర ఛాంపియన్‌షిప్పు గెలిచింది. పెద్ద క్లబ్బుల వారికి అది మింగుడుపడలేదు. మరుసటి సంవత్సరం వారు వేరే సంఘం పెట్టుకున్నారు. వాస్కో అందులో చేరాలంటే 12 మంది ఆటగాళ్ళను తీసివేయాలన్నారు. కారణంగా రంగు చెప్పలేదు. వృత్తి చెప్పారు, చదువు చెప్పారు, సాంఘికస్థితి చెప్పారు. ఆటగాడు కాగితం మీద తన వివరాలు తానే నింపి, వ్రాత వచ్చునని రుజువు చేసుకోవాలి. తమ ఆటగాళ్ళకు అక్షరాలు నేర్పించే పని కూడా వాస్కో పెట్టుకున్నది. 1924 ఏప్రిల్ 7వ తేదీన ఆ క్లబ్బు అధ్యక్షుడు జొజే అగుస్తో ప్రెస్తెస్ వొక లేఖ వ్రాసి, ఆ 12 మందినీ తీసివేసి మీ సంఘంలో చేరడం మాకు అక్కరలేదన్నాడు. వోటువేయడానికి అక్షర పరీక్ష, బంతి తన్నడానికీ అక్షర పరీక్ష. యీ రెండూ వొకే చేతి వ్రాత అని గమనించడానికి పెద్ద సిద్ధాంతజ్ఞానం అక్కరలేదు.

రెండవ పరీక్షను ప్రజలు త్వరగానే బద్దలుకొట్టారు. 1933లో వృత్తి ఫుట్‌బాల్ వచ్చింది. గెలిపించేవాడు కావాలి గనుక క్లబ్బులు రంగు చూడడం తగ్గించుకున్నవి. మొదటి పరీక్ష మాత్రం వుండిపోయింది. అందువల్ల బ్రెజిల్‌లో వొక విచిత్రమైన పరిస్థితి యేర్పడింది. రేవుకూలీకి శాసనసభ్యుణ్ణి యెన్నుకునే హక్కు లేదు. కాని సారాకొట్టు ముందు నిలబడి, సెంటర్ ఫార్వర్డుగా ఫలానావాణ్ణి తీసుకోవడం తప్పు అని గొంతెత్తి చెప్పే హక్కు వుంది. ఆ విషయంలో అతని మాట బ్యాంకు యజమాని మాటకు తీసిపోదు. చాలాసార్లు మించే వుంటుంది. దేశంలో అధికారి తీర్పును సామాన్యుడు బహిరంగంగా తప్పుపట్టగల స్థలాలు బహు కొద్ది. ఆటమైదానం అందులో వొకటి.

అయితే ఆ స్థలం పవిత్రమైనదేమీ కాదు. 1950 జూలై 16న మరకానా స్టేడియంలో ఉరుగ్వే 2-1తో బ్రెజిల్‌ను వోడించింది. సుమారు రెండులక్షలమంది చూస్తుండగా జరిగిన ఆ వోటమికి నేరస్తులను వెతికితే దొరికినవారు ముగ్గురు: గోల్‌కీపరు బార్బోజా, రక్షణ పంక్తిలోని బిగోదె, జువెనాల్. ముగ్గురూ నల్లవారే. బార్బోజా 2000 ఏప్రిల్‌లో చనిపోయేవరకు ఆ నింద మోశాడు. తమ దేశంలో యెంతటి నేరానికైనా గరిష్ఠ శిక్ష 30 యేళ్ళేనని, తాను మాత్రం అంతకు మించి అనుభవిస్తున్నానని ఆయన చివరి రోజులలో వాపోయాడు. యీ శిక్ష విధించింది యే జనరలూ కాదు. పత్రికలూ, అభిమానులూ కలిసి విధించినది. ప్రజల తీర్పు అన్న మాటను తలకెత్తుకునే మనలాంటివారు బార్బోజాను మరచిపోరాదు.

1954లో బెర్న్ నగరంలో హంగేరీ చేతిలో బ్రెజిల్ వోడినప్పుడు ఆట మధ్యలో కొట్లాట అయింది. బ్రెజిల్ ఆటగాళ్ళు ఇద్దరిని బయటికి పంపారు. జట్టు వెంట నాయకుడుగా వెళ్ళిన జొవావ్ లీరా ఫిల్యో తరువాత వ్రాసిన పుస్తకంలో ఆటగాళ్ళ నిగ్రహ లోపానికి జాతిసంకరాన్ని కారణంగా చూపాడు. యిక్కడి నుంచి ‘క్రమశిక్షణ’ అనే మాటకు బ్రెజిల్ ఫుట్‌బాల్‌లో వొక రంగు యేర్పడింది. 1958లో స్వీడన్ ప్రపంచకప్పుకు వెళ్ళేటప్పుడు జట్టుతో వొక మనస్తత్వ పరీక్షకుణ్ణి పంపించారు. ఆయన పేరు కర్వల్యాయిస్. అంతకుముందు సావో పాలో నగర రవాణాసంస్థలో ఉద్యోగానికి వచ్చేవారిని పరీక్షించిన అనుభవం ఆయనది. ఆటగాళ్ళచేత బొమ్మలు వేయించాడు, ప్రశ్నలడిగాడు. పదిహేడేళ్ళ పెలె పసివాడనీ, పోరాట పటిమ లేనివాడనీ తేల్చాడు. గరిన్షా పరీక్షలో వచ్చిన మార్కులు 123కి 38. ఆ మార్కులతో బస్సు నడిపే ఉద్యోగం కూడా రాదట!

గరిన్షా యెవరు? రియో దగ్గర పావ్ గ్రాన్ది అనే మిల్లు వూరిలో పుట్టినవాడు. ఆ బట్టలమిల్లు, ఆ వూరు, ఆ యిళ్ళు అన్నీ వొక కంపెనీవి. పద్నాలుగో యేటనుంచి అందులో పనిచేశాడు. వంకర కాళ్ళు. పనిలో శ్రద్ధ బొత్తిగా లేదని పేరు. మిల్లు జట్టుకు ఆడతాడు గనుక పనిలోంచి తీసివేయలేదు. యిలాంటివాడిని క్రమశిక్షణ తూకంరాళ్ళతో తూచితే యెంత తూగుతాడు? శిక్షకుడు ఫియోలా ఆ పరీక్షా పత్రాలను పక్కన పెట్టాడు. జూన్ 15న గోటెబోర్గ్ నగరంలో సోవియట్ జట్టు మీద పెలె, గరిన్షా యిద్దరినీ దింపాడు. మొదటి నిమిషంలోనే గరిన్షా కొట్టిన బంతి గోలుస్తంభాన్ని తాకింది. బ్రెజిల్ 2-0తో గెలిచింది. పెద్ద ఆటగాళ్ళు పట్టుబట్టి గరిన్షాను ఆడించారన్న కథ వొకటి ప్రచారంలో వుంది. అందులో పాల్గొన్నవారే భిన్నంగా చెప్పారు గనుక దానిని ఆధారం చేసుకోవడం మంచిది కాదు. పరీక్ష వోడింది, అది చాలు.

యిక సల్దాన్యా సంగతి.

1964లో సైన్యం అధికారం ఆక్రమించింది. 1968 డిసెంబరు 13న అయిదవ సంస్థాగత శాసనం అనేది జారీచేసి శాసనసభను మూసివేసింది, రాజకీయ ఖైదీలకు హెబియస్ కార్పస్ హక్కును తీసివేసింది. ఆ తరువాత రెండు నెలలు కాకుండానే, 1969 ఫిబ్రవరిలో, దేశపు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడుగా జొవావ్ సల్దాన్యా నియమితుడైనాడు. యితడు పత్రికలలో వ్రాసేవాడు, రేడియోలో వ్యాఖ్యానం చెప్పేవాడు. 1957లో బొతఫోగో క్లబ్బుకు శిక్షకుడుగా నగర ఛాంపియన్‌షిప్పు గెలిపించినవాడు. పైగా బ్రెజిల్ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. ఆ పార్టీ అప్పుడు నిషేధంలో వుంది. యిలాంటివాడిని ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు హవెలాంజ్ యెందుకు పిలిచాడు? 1966లో ఇంగ్లండులో జట్టు మొదటి దశలోనే యింటిదారి పట్టింది. అప్పుడు శిక్షణ శిబిరానికి 40 మందికి పైగా ఆటగాళ్ళను పిలిచారు. ప్రతి పెద్ద క్లబ్బునూ తృప్తిపరచాలి గదా! జనం, పత్రికలు దుమ్మెత్తిపోశాయి. విమర్శకులలో గట్టి గొంతు సల్దాన్యాది. విమర్శించేవాడికే బరువు అప్పగిస్తే నోరు మూతపడుతుందని హవెలాంజ్ లెక్క వేసివుండవచ్చు.

సల్దాన్యా మొదటి రోజునే విలేఖరులను పిలిచి పదకొండుమంది ఆటగాళ్ళ పేర్లు, పదకొండుమంది ప్రత్యామ్నాయాల పేర్లు చదివాడు. యిది చిన్న పనిగా కనబడుతుంది. కాని అంతవరకు జట్టు యెంపిక తలుపుల వెనక బేరం. ఫలానా రాష్ట్రం నుంచి వొకరు, ఫలానా క్లబ్బు అధ్యక్షుని కోసం వొకరు. శిబిరానికి పిలుపు వస్తే ఆటగాడి ధర పెరుగుతుంది. అందుచేత పిలుపులోనే డబ్బు వుంది. పేర్లు ముందే బయటపెట్టేసరికి బేరానికి చోటు పోయింది. వాదానికి మాత్రం చోటు పెరిగింది. యిన్నాళ్ళూ జనం జరిగిపోయినదాన్ని గురించి తిట్టుకునేవారు. యిప్పుడు జరగబోయేదాన్ని గురించి వాదించుకోవచ్చు. జట్టుకు మూలం సాంతోస్, బొతఫోగో, క్రుజేరో క్లబ్బుల ఆటగాళ్ళు. రోజూ కలిసి ఆడేవాళ్ళకు వొకరి అడుగు వొకరికి తెలుస్తుందని అతని వాదం. ఆ సంవత్సరం అర్హత పోటీలలో ఆరు ఆటలూ గెలిచారు. 23 గోలులు వేసి 2 మాత్రమే యిచ్చారు. ఆగస్టు 31న పరాగ్వే మీద ఆడిన ఆటకు మరకానాలో టిక్కెట్టు కొన్నవారే 1,83,341 మంది. నిషిద్ధ పార్టీ సభ్యుని పేరును అంత జనం జేజేలతో పిలిచిన సందర్భం ఆ దేశంలో మరొకటి వున్నదేమో నాకు తోచదు.

అక్టోబరు 30న మెదిసి అధ్యక్షుడైనాడు. బ్రెజిల్ నియంతృత్వంలో అతి క్రూరమైన కాలం అక్కడనుంచి ప్రారంభం. అయిదు రోజులకే, నవంబరు 4న, సాయుధ పోరాట నాయకుడు కార్లోస్ మారిగెల్లాను సావో పాలో వీధిలో పోలీసులు కాల్చి చంపారు. యీ మెదిసికి ఫుట్‌బాల్ పిచ్చి నిజంగానే వుండేది. చెవి దగ్గర ట్రాన్సిస్టరుతో స్టేడియంలో కూర్చునేవాడు. అత్లెతికో మినేరో క్లబ్బులో దారియో అనే సెంటర్ ఫార్వర్డు వున్నాడు. జనరల్‌కు అతను యిష్టం. 1969 సెప్టెంబరులో సల్దాన్యా జట్టునే అత్లెతికో 2-1తో వోడించింది. గెలుపు గోలు దారియోదే. కనుక అతణ్ణి తీసుకోవాలన్న కోరిక అర్థంలేనిది కాదు. మినాస్ రాష్ట్రపు అభిమానులూ అదే అన్నారు. దారియో తల్లిని పోగొట్టుకుని, బాలనేరస్తుల గృహంలో పెరిగిన పేదబిడ్డ. నియంతకు నచ్చాడు గనుక అతణ్ణి మనం హేళన చేయడం సంస్కారం అనిపించుకోదు. చిక్కల్లా కోరిక యే కుర్చీలోనుంచి వచ్చిందన్నదే. సారాకొట్టు దగ్గర అన్నప్పుడు అది వాదం. అధ్యక్షభవనంనుంచి వచ్చినప్పుడు అది ఉత్తర్వు. అధ్యక్షుడు మంత్రులను వేసుకున్నప్పుడు నన్నడగలేదు, జట్టును వేసేటప్పుడు నేనాయన్ను అడగను అని సల్దాన్యా జవాబు చెప్పాడు. యీ జవాబు బ్రెజిల్‌లో నేటికీ చెప్పుకుంటారు.

1970 మార్చి 17న అతణ్ణి తొలగించారు. దారియోను కాదన్నందుకే తీసివేశారని మన పక్షంలో కథ స్థిరపడింది. చరిత్ర వ్రాసేవారు కొంచెం నిదానించాలి. ఆ నెలలో జట్టు పోర్తో అలెగ్రెలో అర్జెంటీనాకు 2-0తో వోడింది. బాంగూ అనే సామాన్య క్లబ్బుతో 1-1గా ముగించింది. తనను విమర్శించిన ఫ్లమెంగో శిక్షకుడు యుస్త్రిక్‌ను వెతుక్కుంటూ సల్దాన్యా రివాల్వరు పట్టుకుని వెళ్ళాడు. పెలె కంటిచూపులో లోపముందని చెప్పి, అతణ్ణి పక్కన పెట్టే ఆలోచన చేశాడు. యివన్నీ కలిసివచ్చాయి. కమ్యూనిస్టు గెలుపుతో మెక్సికోనుంచి తిరిగివస్తే మెదిసికి యిబ్బంది అన్నది నిజం. సల్దాన్యాయే తన శత్రువులకు ఆయుధం అందించాడన్నదీ నిజం. ఆటగాళ్ళకు నిగ్రహం లేదని వాపోయిన దేశంలో నిగ్రహం తప్పినది శిక్షకుడు! దానికి అతణ్ణి వెనకేసుకురావడం నాకు చేతకాదు. కాని వొక తేడా వుంది. యెంపిక విషయంలో అతని తప్పులు అన్నీ బహిరంగంగా జరిగినవి. పత్రికలు వేశాయి, జనం తిట్టారు. జనరల్ చేసిన పని యేదీ కాగితం మీద లేదు.

తరువాత వచ్చిన జగాలో 1958లోను, 1962లోను ప్రపంచకప్పు గెలిచిన జట్లలో ఆడినవాడు. జట్టు వెంట నాయకుడుగా వైమానికదళపు బ్రిగేడియర్ వొకరు, దేహ శిక్షణకు సైన్యపు కాప్టెన్ కొతిన్యో. శిబిరం బారక్కు క్రమంలో నడిచింది. శాస్త్రీయమైన దేహ శిక్షణ వారికి మేలే చేసిందని ఒప్పుకోవాలి. మెక్సికో యెత్తైన ప్రదేశం, రెండవ అర్ధభాగంలో బ్రెజిల్ ఆటగాళ్ళు అలసినట్టు కనబడలేదు. దారియో పేరు 22 మందిలో చేరింది. కాని జగాలో అతణ్ణి వొక్క నిమిషం కూడా ఆడించలేదు. జనరల్‌కు కాగితం మీద వొక పేరు దక్కింది, మైదానం మీద చోటు దక్కలేదు. జూన్ 21న ఇటలీ మీద 4-1తో గెలిచిన పదకొండుమందిలో యెక్కువమంది సల్దాన్యా కాలంనుంచీ వున్నవారే. సల్దాన్యా విలేఖరిగా ఆ ఆటలు చూశాడు.

గెలుపును మెదిసి వాడుకున్నాడు. అధ్యక్షభవనం ద్వారాలు తెరిచాడు, సెలవు యిచ్చాడు, కప్పు పట్టుకుని ఫొటో తీయించుకున్నాడు. సావో పాలో మేయరు పౌలో మలూఫ్ నగరపు డబ్బుతో ఆటగాళ్ళకు తలా వొక కారు యిచ్చాడు. దేశాన్ని ప్రేమించు, లేదా వదిలిపో అన్న నినాదం ఆ రోజులదే. కాని అదే జూన్ 11న, రుమేనియా మీద ఆట ముగిసిన మర్నాడే, గెరిల్లాలు రియోలో పశ్చిమ జర్మనీ రాయబారిని యెత్తుకుపోయారు. బ్రెజిల్ పెరూను వోడించిన మర్నాడు, జూన్ 15న, అతనికి బదులుగా 40 మంది ఖైదీలను విమానమెక్కించి అల్జీరియాకు పంపవలసివచ్చింది. వొకే వారంలో వొకే పత్రికలో ఆ రెండు వార్తలూ పక్కపక్కన వచ్చాయి. ప్రజలు మత్తులో వుండి రెండవది చదవలేదనుకోవడానికి ఆధారం లేదు.

క్రమశిక్షణ గురించిన వాదానికి ఆటగాళ్ళనుంచే జవాబు రావడానికి మరి పన్నెండేళ్ళు పట్టింది. 1982లో సావో పాలోలోని కొరింతియన్స్ క్లబ్బులో, డాక్టరు చదువు చదివిన సోక్రతీస్, నల్లజాతి లెఫ్ట్‌బ్యాక్ వ్లదిమిర్, కుర్రవాడు కజగ్రాందే, సమాజశాస్త్రం చదివిన నిర్వాహకుడు అదిల్సన్ కలిసి కొత్త పద్ధతి పెట్టారు. ప్రయాణం, అభ్యాసం వేళలు, కొత్తవారిని తీసుకోవడం, అన్నీ వోటుకు పెట్టాలి. ఆటగాడికి వొక వోటు, బట్టలు సర్దేవాడికీ వొక వోటు. పోటీకి ముందు ఆటగాళ్ళను హోటల్లో బంధించి వుంచే ఆచారం ఆ దేశంలో చాలా పాతది. పెద్దమనుషులకు తాళం అక్కరలేదని దానిని యిష్టమున్నవారికే వదిలారు. క్రమశిక్షణ చెడి జట్టు నాశనమౌతుందని పత్రికలు జోస్యం చెప్పాయి. ఆ జట్టు 1982లోను, 1983లోను వరసగా రాష్ట్ర ఛాంపియన్‌షిప్పు గెలిచింది. అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. గోల్‌కీపరు లెయావ్ యీ పద్ధతిని వ్యతిరేకించేవాడు. అలాంటివాణ్ణి 1983లో తీసుకున్నప్పుడు అందరినీ అడగకుండా కొందరితోనే ముగించారని లోపల తగవు వచ్చింది. ప్రజాస్వామ్యం అన్నవారే వోటును కుదించారు.

1982 నవంబరు 15న రాష్ట్ర గవర్నర్లకు యెన్నికలు. 15వ తేదీన వోటు వేయండి అన్న మాట వీపు మీద వ్రాసుకుని కొరింతియన్స్ ఆడింది. 1984లో దేశాధ్యక్షుణ్ణి ప్రజలే యెన్నుకోవాలన్న ఆందోళన లేచినప్పుడు సోక్రతీస్ లక్షలమంది సభలో మాట యిచ్చాడు: ఆ రాజ్యాంగ సవరణ నెగ్గితే ఇటలీ క్లబ్బు డబ్బు వదులుకుని దేశంలోనే వుంటానని. ఏప్రిల్ 25న సవరణకు 298 వోట్లు వచ్చాయి, 22 తక్కువయ్యాయి. అతను ఇటలీ వెళ్ళిపోయాడు.

గరిన్షా అప్పటికి లేడు. తాగుడుతో చిక్కి 1983 జనవరిలో రియోలో మరణించాడు. సైనికపాలన 1985లో ముగిసింది. ఆ యేడు మే నెలలో చేసిన రాజ్యాంగ సవరణతో చదువురానివారికి వోటు వచ్చింది. 12 మంది ఆటగాళ్ళ తరఫున వాస్కో క్లబ్బు వ్రాసిన లేఖకు అప్పటికి 61 యేళ్ళు.